నిరాకరణము వేఱు, దాపఱికము వేఱు

ప్రభుత్వమునకును ప్రజలకును గల సంబంధము పన్నునందు కనబడినంత స్పష్టముగా మఱియెందును కనబడదు. శాసనములను చదువని రైతు గలడు. శాసనసభను కన్నులార చూడని వర్తకుడు గలడు. ఏదో యొక రూపమున పన్ను చెల్లింపనివాడు మాత్రము లేడు. కావుననే పాలకుల యన్యాయమును ఎదుర్కొనదలచిన ప్రజలు పలుమాఱులు పన్నునే ఆయుధముగా గ్రహించిరి. ఇటీవల మన పట్టణములందును, పల్లెల రచ్చబండలమీదను ఒక మాట తఱచుగా వినవచ్చుచున్నది. బాటలు బాగులేవు, మురుగుకాలువలు పూడిపోయినవి, మనమిచ్చు ధనము ఎవరి పాలగుచున్నదో తెలియదు. ఇట్టి దొరతనమునకు ఆదాయపు పన్ను ఏల కట్టవలెను? నాడు పెదనందిపాడువారు చేసినదియు ఇదియే గదా! అని పెద్దమనుష్యులే పలుకుచున్నారు. ఈ మాటలో కొంత న్యాయము లేకపోలేదు. అందు గొప్ప ప్రమాదమును గలదు. రెంటిని వేఱుపఱచి చూపుట మా కర్తవ్యమని తలచుచున్నాము.

పన్నును నిరాకరించుట ఒకటి. పన్నును దాచుట మఱియొకటి. బయటికి రెండింటి ఫలమును ఒక్కటియే, ఖజానాకు పైకము చేరదు. కాని నిరాకరించువాడు వీథిలో నిలిచి, ఇంత బాకీయున్నాను, ఈయను, మీ చేతనైనది చేసికొనుడు, అని పలుకును. దాచువాడు తలుపు మూసికొని లెక్కల పుస్తకమును దిద్దుకొనును. మొదటివాడు తన నష్టమును కోరి తెచ్చుకొనుచున్నాడు. రెండవవాడు తన లాభమును కాపాడుకొనుచున్నాడు. ఈ భేదమును మఱచి రెండవవాడు మొదటివాని పేరు చెప్పుకొనుట మన స్వాతంత్ర్యోద్యమ చరిత్రకే అపచారము.

మొదట మన యింటి సంగతినే తలచుకొందము. చీరాల, పేరాల గ్రామములను కలిపి మ్యునిసిపాలిటీగా చేసినపుడు, అంతకుముందు ఏటికి దాదాపు 4,000 రూపాయలుగా నుండిన పన్ను 40,000 రూపాయల వఱకు పెరిగెను. అచటి ప్రజలలో అనేకులు నేతపనివారు, చిన్న రైతులు, కూలినాలి చేసికొనువారు. తమకు మ్యునిసిపాలిటీ వలదని వారు మొఱపెట్టుకొన్నను వినిపించుకొన్నవారు లేరు. 1921లో గాంధీ మహాత్ముడు చీరాలకు వచ్చి వారికి రెండు మార్గములు చూపెను. పన్ను నిరాకరించి శిక్ష ననుభవించుట యొకటి. ఊరే విడిచి మ్యునిసిపాలిటీ ఎల్లకు వెలుపల కాపురముండుట రెండవది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ప్రజలు రెండవ మార్గమునే అవలంబించిరి. పదునైదు వేల జనసంఖ్యలో అధికభాగము ఇండ్లు వాకిండ్లు విడిచి, ఎండకును వానకును ఓర్చి, రామనగరమను పేర వేసికొన్న పాకలలో ఏడాదికి దగ్గఱగా కాలము గడపిరి. పన్ను చెల్లింపనొల్లనివాడు ఆ పన్ను వలన గలుగు సౌకర్యమును సైతము విడిచి పోయెను. ఇంతకంటె నిష్కల్మషమైన నిరాకరణమును ఊహింపజాలము.

పెదనందిపాడు కథ దీనికి తరువాతిది. 1921 నవంబరులో ఢిల్లీయందు సమావేశమైన అఖిలభారత కాంగ్రెసు సంఘము పన్నుల నిరాకరణతో కూడిన శాసనోల్లంఘనమునకు అనుమతినిచ్చినను, అందుకు కఠినమైన షరతులను పెట్టెను. శాసనోల్లంఘనమునకు పూనుకొనువాడు నూలు వడకుట నేర్చియుండవలెను, ఖద్దరు ధరింపవలెను, హిందూ మహమ్మదీయ సఖ్యమును అహింసను నమ్మవలెను, హిందువైనచో అస్పృశ్యతను పాపముగా నెంచవలెను. ఈ షరతులలో ఒక్కటియు పన్నునకు సంబంధించినది కాదు. పన్ను నీయనని చెప్పుటకు వలయు నర్హతకు సంబంధించినవి. 1922 జనవరిలో గుంటూరు జిల్లా రైతులు శిస్తు కట్టుట మానిరి. గ్రామోద్యోగులు పెక్కుమంది రాజీనామాలిచ్చిరి. పెదనందిపాడు ఫిర్కాయందు పర్వతనేని వీరయ్యచౌదరిగారు శాంతిసేనను నెలకొలిపి, జప్తులకు వచ్చిన యుద్యోగులపై ఎవ్వరును చేయి చేసికొనకుండ కాపాడిరి. పశువులు జప్తయ్యెను, భూములు పోవునను బెదరింపులు వచ్చినవి. ఐనను రైతు చలింపలేదు.

ఇంతటి యుద్యమమునకును మహాత్ముడు తొందరపడి ఆశీర్వదింపలేదను సంగతి నేడు పలువురు మఱచిరి. షరతులు నెఱవేఱినవా, లేనిచో పన్ను కట్టివేయుడని ఆయన కొండ వెంకటప్పయ్య పంతులుగారికి వ్రాసెను. 1922 ఫిబ్రవరి 4వ తేదీన చౌరీచౌరాలో పోలీసులు దహింపబడిన పిమ్మట, బార్డోలీలో కాంగ్రెసు కార్యవర్గము ఉద్యమమును నిలిపివేసెను. గుంటూరు జిల్లాలోను నిరాకరణము ఆగిపోయి, రైతులు బాకీలు చెల్లించిరి. గెలుపు చేతికందునట్లు కనబడిన వేళ నాయకుల యాజ్ఞకు లోబడి పైకము కట్టిన యా రైతు కట్టుబాటునకు మేము నమస్కరించుచున్నాము. వానికి కావలసినది శిస్తు మిగుల్చుకొనుట యైనచో, ఆ యాజ్ఞను ఏల మన్నించును?

గుజరాతు దేశపు ఖేడా జిల్లాలో 1918లో జరిగిన పోరాటమునందు మఱియొక పాఠము గలదు. పంట నాలుగణాలకు తగ్గినచో శిస్తు నిలుపుదల చేయవలెనని నిబంధన యుండగా, అధికారులు పంట యంతకంటె హెచ్చుగా పండెనని వాదించిరి. అప్పుడు పన్ను కట్టగల సంపన్న రైతులును కట్టమని ప్రతిజ్ఞ చేసిరి. ఏలయనిన, తాము కట్టినచో బీదవాడు భయపడి తన పశువునో పాత్రనో అమ్మి కట్టును. బీదలకు వాయిదా ఇచ్చినచో తామంతయు చెల్లింతుమని వారు చెప్పిరి. తుదకు రాజీ ఆ ప్రకారముగనే కుదిరెను. ధనికుడు తనకొఱకు గాక బీదవానికొఱకు నిరాకరించుట ఇందలి విశేషము. 1928లో బార్డోలీ తాలూకాలో 22 శాతము హెచ్చింపబడిన శిస్తును వల్లభభాయి పటేలు నాయకత్వమున రైతులు నిరాకరించిరి. విచారణ జరిగిన పిమ్మట ఆ హెచ్చింపు 6 శాతమునకు కొంచెము పైగా తగ్గిపోయెను. వారు కోరినది పన్ను రద్దు కాదు, నిష్పక్షపాతమైన విచారణ. కోరిక మితముగా నుండుటచేతనే విజయము సంపూర్ణమయ్యెను.

పై యుద్యమములన్నియు భూమి శిస్తునకో పురపాలక పన్నునకో సంబంధించినవి. ఆదాయపు పన్ను సంగతి వేఱు. మన దేశమున దీనిని 1860లో జేమ్సు విల్సను అను ఆర్థికమంత్రి ప్రవేశపెట్టెను. 1857 విప్లవము నణచుటకు అయిన వ్యయమును ఆ యణచబడినవారినుండియే రాబట్టుట దాని యుద్దేశము. నాడు చెన్నపురి గవర్నరుగా నుండిన సర్ చార్లెసు ట్రెవీలియను ఈ పన్ను తగదని వాదించుటయే గాక, తన యభిప్రాయపత్రమును పత్రికలకు బహిరంగపఱచి, ఆ కారణముననే పదవినుండి తొలగింపబడెను. ఆదాయపు పన్నును బాహాటముగా ఎదిరించి నష్టపడిన యుద్యోగి మన రాజధానినుండియే పోయెనన్నది చరిత్రలోని వింత. 1865లో పన్ను ముగిసినది. మరల పలు రూపములలో తలయెత్తి 1886 నాటి చట్టముతో స్థిరపడినది. ఆ చట్టమే వ్యవసాయాదాయమును మినహాయించినది. 1922 చట్టమును, స్వతంత్ర భారతమున 1961 చట్టమును ఆ మినహాయింపును నిలిపినవి.

స్వరాజ్య సంగ్రామమున ఆదాయపు పన్ను నిరాకరణము ప్రధానాయుధము కాకపోవుటకు కారణ మిందే గలదు. దానిని చెల్లించువారు కొలదిమంది. వారిలోను పెక్కురు ప్రభుత్వముతో లావాదేవీలు గలవారు. 1930 జనవరిలో మహాత్ముడు వైస్రాయి ముందుంచిన పదునొకండు కోరికలలో భూమిశిస్తు సగము తగ్గింపవలెననియు, ఉప్పుపన్ను రద్దు కావలెననియు గలదు గాని ఆదాయపు పన్ను ప్రసక్తి లేదు. ఆయన ఉప్పును ఎన్నుకొనెను. ఉప్పు కలిమిగలవాడును తినును, కూలివాడును తినును. ఏ పన్నును దేశమందలి అత్యంత దరిద్రుడు సైతము ఎదిరింపగలడో, ఆ పన్నును ఎదిరించుటయే ప్రజోద్యమమగునని ఆయన గ్రహించెను. కొలదిమంది మాత్రమే ఎదిరింపగల పన్నును ఎదిరించువాడు తన నిజాయితీని ఋజువు చేసికొనవలసిన భారము ఎక్కువ.

ఆ ఋజువును చూపినవారు లేకపోలేదు. మనలను ఏలిన ఇంగ్లాండులోనే, ఓటు హక్కు లేని స్త్రీలు ఆదాయపు పన్నును నిరాకరించిరి. డోరా మాంటిఫియోరు అను ఆమె 1906లో తన యింటి ద్వారములు బిగించుకొని, జప్తునకు వచ్చిన బంట్రోతులను దాదాపు ఆఱు వారములు లోనికి రానీయలేదు. ఇంటినుండియే ఆమె వీథిలోని జనులకు ఉపన్యాసములిచ్చెను. 1909లో స్త్రీలు ఒక పన్ను నిరాకరణ సంఘమునే స్థాపించి, ఓటు లేనిదే పన్ను లేదని చాటిరి. పంజాబు రాజ్యము కోల్పోయిన మహారాజా దులీప్ సింగు కుమార్తె సోఫియా దులీప్ సింగు ఈ సంఘమున చేరి, అనుమతి రుసుములు కట్టనందులకు 1911లో జరిమానా పడెను. ఆమె వజ్రపుటుంగరము జప్తయి వేలము వేయబడెను. స్నేహితురాలొకతె దానిని పాడుకొని ఆమెకే తిరిగి యిచ్చెను. వేలము జరుగు ప్రతి తావును ఈ స్త్రీలు సభాస్థలముగా మార్చిరి.

ఆ సంఘమువారి వ్యవహారములలో 1912 నాటి దొకటి మిక్కిలి చిత్రమైనది. ఎలిజబెత్ విల్క్సు అను వైద్యురాలు పన్ను కట్టుటకు నిరాకరించెను. అప్పటి చట్టము ప్రకారము భార్య యాదాయమునకు పన్ను బాధ్యుడు భర్త. ఆమె భర్త మార్కు విల్క్సు ఒక యుపాధ్యాయుడు. భార్య సంపాదన యెంతయో తెలిసికొను హక్కు ఆయనకు లేదు, ఆ పన్ను కట్టు తాహతును లేదు. ఐనను ఆయనను పట్టుకొని బ్రిక్స్టను చెఱసాలలో పెట్టిరి. దేశమంతయు నవ్వెను, కొలది దినములకే ఆయనను విడువవలసి వచ్చెను. స్త్రీ సంపాదించిన ధనము నుండి పన్ను కావలెను గాని, ఆమె యభిప్రాయము అక్కఱలేదను శాసనములోని యవివేకమును వేయి యుపన్యాసములకంటె ఈ యొక్క చెఱ బాగుగా బయలుపెట్టెను. 1918లో కొందఱు స్త్రీలకును, 1928లో పురుషులతో సమానముగా అందఱకును ఓటు వచ్చెను. ఓటు కేవలము పన్ను నిరాకరణము వలననే వచ్చినదని మేము చెప్పము. ఓటు లేనివాని పన్ను అతని సమ్మతి లేని పన్నని లోకమునకు తెలుపుటలో దానికి పాలు గలదు.

ఓటు గలవాని సంగతి యేమి? ఈ ప్రశ్నకు అమెరికా చరిత్రలో సమాధానమును వెదకవలెను. బానిసత్వమును, మెక్సికోపై యుద్ధమును సహింపక తలపన్ను కట్టనందులకు హెన్రీ డేవిడ్ థోరో 1846లో ఒక రాత్రి చెఱలో నుండెను. ఆయన వ్రాసిన వ్యాసమును మహాత్ముడు చదివి మెచ్చుకొనెను. నూఱేండ్ల పిమ్మట అదే దేశమున ఆదాయపు పన్నులో పెద్ద భాగము ఆయుధములకు పోవుట చూచి, కొందఱు శాంతివాదులు దానిని నిరాకరించిరి. 1943లో అమెరికా ప్రభుత్వము కూలిలోనుండియే పన్నును కోసికొను పద్ధతిని స్థాపించెను. చేతికి రాని సొమ్మును నిరాకరించుట యెట్లు? ఆమన్ హెనసీ అను నతడు దీనికొక మార్గము కనుగొనెను. పన్ను కోతలేని పొలము కూలికి పోయి, దినకూలితో జీవించెను. తన యంతరాత్మకొఱకు దారిద్ర్యమును వరించెను. గాయని జోన్ బాయెజ్ 1964లో తన పన్నులో యుద్ధసన్నాహమునకు పోవునని లెక్కించిన 60 శాతమును ఈయనని బహిరంగముగా ప్రకటించెను. వియత్నాము యుద్ధకాలమున, 1968లో, నాలుగు వందలకు పైబడిన రచయితలును సంపాదకులును తమ పేళ్లు పత్రికలో ప్రకటించి యుద్ధపు పన్ను చెల్లింపమని ప్రతిజ్ఞ చేసిరి.

రాండీ కేలరు, బెట్సీ కార్నరు అను దంపతులు మసాచుసెట్సులోని కోల్రెయిను అను పల్లెలో నుండిరి. వీరు 1977 మొదలుకొని కేంద్రప్రభుత్వపు ఆదాయపు పన్నును ఈయలేదు. రాష్ట్రమునకును ఊరికిని చెల్లవలసిన పన్నులను మాత్రము కట్టుచుండిరి. ఈయని సొమ్మును ఇంటిలో దాచుకొనక ధర్మకార్యముల కిచ్చిరి. 1989లో ప్రభుత్వము వారి యింటిని స్వాధీనము చేసికొనెను; ఇల్లు విడువనందులకు కేలరు చెఱకు పోయెను. యుద్ధము ఆగినదా? ఆగలేదు. ఐనను వీరి నడవడిలో దాపఱికము లేదు, లాభము లేదు. పాఠశాలకు, బాటకు, ఆసుపత్రికి పోవు పన్నును కట్టి, ఫిరంగికి పోవు పన్నును మాత్రమే ఆపుటలో ఒక వివేకము గలదు.

దీనికి సరిగా ఎదురైన యుదాహరణమును ఆ దేశముననే గలదు. ఎడ్మండ్ విల్సను అను ప్రసిద్ధ విమర్శకుడు 1946 మొదలు 1955 వఱకు ఆదాయపు లెక్కలనే దాఖలు చేయలేదు. పిమ్మట ప్రభుత్వము పట్టుకొని జరిమానాలు విధింపగా, 1963లో ఆయుధవ్యయమును ఖండించుచు ఒక గ్రంథము ప్రకటించెను. గ్రంథములోని వాదము బలమైనదే. కాని మొదట లెక్క దాఖలు చేయకపోవుట సిద్ధాంతముచేత గాదని ఆయనయే చెప్పుకొనెను. నిరాకరణము ముందుగా ప్రకటింపబడవలెను. నోటీసు వచ్చిన పిమ్మట పుట్టిన సిద్ధాంతమునకు మార్కెట్టులో వెల తక్కువ. విల్సనుగారు తమ కథను దాచక చెప్పిరి. ఆ పాటి నిజాయితీయైనను మనవారిలో ఎందఱికి గలదు?

ఇంత విచారించిన పిమ్మట, పన్ను నిరాకరణము నిజమైన రాజకీయ నిరసనమగుటకు కొన్ని లక్షణములు తేలుచున్నవి. నిరాకరించువాడు ముందుగా పేరు చెప్పి ప్రకటింపవలెను. ఎంత బాకీయో దాచక లెక్క చెప్పవలెను. మిగిలిన సొమ్ము తన పెట్టెలో ఉండరాదు. జప్తును, జరిమానాను, చెఱను ఓర్పుతో అనుభవింపవలెను. కోరిక స్పష్టముగను తీర్పదగినదిగను ఉండవలెను. అన్నింటికంటె ముఖ్యముగా, ఆ నిరాకరణము వలన కలుగు కష్టము తనకంటె బీదవానిపై పడరాదు. చీరాలయందును, పెదనందిపాటియందును, ఖేడాయందును ఈ లక్షణములు పెక్కు కనబడుచున్నవి. నేటి మన పెద్దమనుష్యుల మాటలలో ఒక్కటియైనను కనబడుచున్నదా?

ప్రజాప్రభుత్వమున పన్ను నిరాకరణమునకు తావే లేదనువారు గలరు. వారి వాదము త్రోసిపుచ్చదగినది కాదు. మన రాజ్యాంగపు 265వ యధికరణము ప్రకారము శాసనాధికారము లేనిదే ఏ పన్నును విధింపరాదు, వసూలు చేయరాదు. ఆ శాసనమును చేయువారు మన యోటుతో ఎన్నికైనవారు. తెల్లదొరల నాటి రైతునకు ఈ ద్వారము లేకుండెను. మఱియు ఒకడు సైన్యమునకు, వేఱొకడు పాఠశాలకు, ఇంకొకడు బియ్యపు సబ్సిడీకి తన పన్ను పోరాదనినచో ఖజానా యెట్లు నిలుచును? 1982లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము ఆమిష్ మతస్థుడైన యొక యజమాని కేసులో ఈ భావమునే వెల్లడించెను. వ్యయము మా మతవిశ్వాసమునకు విరుద్ధమను కారణమున ఎవరికి వారు పన్నును ఆపినచో పన్నుల వ్యవస్థయే సాగదని చెప్పెను. మేమును ఈ యభిప్రాయముతో చాలవఱకు ఏకీభవించుచున్నాము. ఐనను ద్వారమును పూర్తిగా మూయరాదని మా తలంపు. ఓట్లచేత ఎన్నికైన ప్రభుత్వములును అధర్మయుద్ధములు చేసినవి. అట్టి దినమున ఒక పౌరుడు తన యిల్లు పోయినను సరే ఈయనని నిలుచుట రాజ్యమునకు ద్రోహము గాదు, హెచ్చరిక. కాని అది తుది మందు. దానిని దినభోజనముగా చేసికొనరాదు.

ఇక నేడు మన దేశమున ఎవరు నిరాకరింపగలరో చూడుడు. జీతగాని పన్ను చేతికి రాకమునుపే కోయబడుచున్నది. గుమాస్తా, ఉపాధ్యాయుడు, ఇంజనీరు కోరినను దానిని ఆపలేరు. కూలివాడు సబ్బుబిళ్ల కొనునప్పుడే 2017లో వచ్చిన వస్తుసేవల పన్ను దాని వెలలో చేరియున్నది, వాడును ఆపలేడు. ఇక ఆపగలవాడెవడు? తన లెక్కను తానే వ్రాసికొనువాడు: వర్తకుడు, గుత్తేదారు, స్వంత వృత్తిగల వైద్యుడు, వకీలు, ఇండ్ల స్థలముల వ్యాపారి, భూస్వామి. కలిగినవారికి మాత్రమే సాధ్యమగు నీ నిరాకరణమును ప్రజల పేర నడుపుట యెట్లు? ఉప్పును ఎన్నుకొనినవాని వివేకము ఇచట మరల మనకు జ్ఞప్తికి రావలెను.

ఈ మాట మా పాఠకులలో కొందఱకు కష్టముగా తోచవచ్చును. ఐనను చెప్పక తప్పదు. వ్యవసాయాదాయమునకు గల మినహాయింపు చినుకు రాక, తెగులు సోకి, ధర పడిపోయి అల్లాడు రైతునకు నీడవంటిది. ఆ నీడలోనికి పట్టణపు వ్యాపార లాభమును తెచ్చి దాచి, ఎకరమునకు పండని పంటను కాగితముమీద పండించువారు గలరు. స్థలము అమ్మునపుడు దస్తావేజులో ఒక వెలయు, చేతిలో మఱియొక వెలయు పుచ్చుకొనువారు గలరు. చిట్టా ఒకటి ఆఫీసునకు, ఒకటి ఇంటికి వ్రాయువారు గలరు. వీరే సాయంకాలమున కూర్చుండి ప్రభుత్వము దుర్వ్యయము చేయుచున్నది గనుక పన్ను ఈయలేదని చెప్పుదురు. ప్రభుత్వము రేపటినుండి పైసయైనను వృథా చేయనిచో వీరు దాచుట మానుదురా? మానరు. కావున దుర్వ్యయము వారి కారణము గాదు, వారి సాకు.

వారు దాచినందువలన ప్రభుత్వమునకు శిక్ష పడుటలేదు. లోటును పూడ్చుటకు ప్రభుత్వము దాచుకొనలేనివాని వంక చూచును. జీతగానిపై కోతయు, సరకుపై పన్నును, రాబోవు తరమువారిపై అప్పును పెరుగును. ఖేడాలోని సంపన్నుడు బీదవానికొఱకు తన పన్ను ఆపెను. నేటి సంపన్నుడు తన పన్ను ఆపి బీదవానిచేత కట్టించుచున్నాడు. ఈ రెంటికిని ఒక్క పేరు పెట్టుట తగునా?

దుర్వ్యయము లేదని మేము అనుటలేదు. బాట వేసిన యేడాదికే గోతులు పడుట, కాలువ తవ్వకయే బిల్లు చెల్లుట మనము కన్నులార చూచుచున్నదే. దానిని ఎదిరించుటకు మార్గములు గలవు. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద ఏ పనికి ఎంత వ్యయమైనదో అడుగవచ్చును. గ్రామసభలో లేచి లెక్క చెప్పుమనవచ్చును. కంప్ట్రోలరు ఆడిటరు జనరలు నివేదికలను చదివి శాసనసభ్యుని నిలదీయవచ్చును. ఓటును కులమునకును నోటునకును గాక లెక్కకు వేయవచ్చును. పన్ను పూర్తిగా కట్టినవాడు లెక్క అడిగినచో అధికారి తలయెత్తి మాటాడలేడు. దాచుకొన్నవాడు అడిగినచో అధికారి నవ్వును. ఏలయనిన ఇద్దఱును ఒకే బిందెలోని నీరు త్రాగుచున్నారు.

ఈ మార్గములన్నియు మూతపడి, పౌరుని యంతరాత్మ సహింపజాలని యధర్మము రాజ్యము చేయు దినమే వచ్చెనేని, అప్పుడు నిరాకరింపుడు. పేరు చెప్పి, లెక్క చూపి, సొమ్మును ధర్మకార్యమునకు అప్పగించి, జప్తునకు వచ్చినవానికి తలుపు తీసి నిరాకరింపుడు. అట్టివాని పక్షమున నిలుచుటకు మేము సంకోచింపము. ఆ దినము రాకుండుగాక. వచ్చినచో ఆ యాయుధము పదునుగా నుండవలెనన్న, నేడు దానిని దొంగలెక్కలమీద మొద్దువాఱనీయరాదు. పశువులను జప్తునకు అప్పగించి చలింపని పెదనందిపాడు రైతు పేరును, పాకలలో ఏడాది గడపిన చీరాల నేతగాని పేరును ఎత్తుటకు ముందు ప్రతివాడును తన చిట్టాను ఒకమాఱు తెఱచి చూచుకొనుగాక.